తీర్పురాతి మీద ఉప్పు

పులిముఖం తొడుక్కున్న తలారి మాట్లాడడు. సింహశిల రాజ్యంలో అది ఆచారం. దోషిని కొండకొమ్ము మీదికి నడిపించుకుపోయేటప్పుడు అతణ్ణి ఎవరూ పలకరించకూడదు, అతడూ ఎవరికీ బదులు చెప్పకూడదు. ఈ ఆచారం పెట్టిన పుణ్యాత్ముడెవరో గాని, ఆ రోజు రాకుమారుడు అరింజయుడి పాలిట దేవుడయ్యాడు. ఎందుకంటే పులిముఖం వెనుక ఉన్నది అరింజయుడే. అసలు తలారి కడుపునిండా కల్లు తాగి, గుర్రపుశాలలో గడ్డి మీద హాయిగా గుర్రు పెడుతున్నాడు.

రాకుమారుడి ముందు, చేతులకు తాళ్లతో, ఆస్థాన వైద్యురాలు పర్ణిక నడుస్తోంది. పచ్చటి మనిషి, చురుకైన కళ్లు. నడుముకు మూలికల సంచి ఇంకా వేలాడుతూనే ఉంది. దాన్ని తీసేద్దామని ఒక భటుడు చెయ్యి వేస్తే, "ముట్టుకోకు, అందులో దురదగొండి ఉంది" అని భయపెట్టింది. చావుకు పోతూ కూడా సంచి వదలని మనిషిని ఏమనాలి?

ఆమె మీద పడ్డ నింద చిన్నది కాదు. రాజు చండకేతుడి కూతురు హేమాంగికి జ్వరం వస్తే పర్ణిక కషాయం ఇచ్చింది. అది తాగిన రాకుమారి నిద్రలోకి జారి మళ్లీ కళ్లు తెరవలేదు. అంతటితో పోలేదు. కాలివేళ్ల దగ్గర మొదలై ఆ పిల్ల ఒళ్లు నెమ్మదిగా పాలరాయిగా మారుతోంది. చండకేతుడు తిండి మానేసి కూతురి పాదాలను చేతుల్లో పెట్టుకుని వెచ్చచేస్తూ కూర్చున్నాడు. "విషమిచ్చింది ఆ వైద్యురాలే" అని ఆస్థాన మాంత్రికుడు ఘూకనేత్రుడు చెవిలో చెప్పగానే, "అయితే దాన్ని కొండకొమ్ము మీది నుంచి తోసెయ్యండి" అన్నాడు. ఆ తండ్రి దుఃఖం చూసినవాళ్లెవరికీ ఆయన్ని తప్పు పట్టడానికి మనసు రాలేదు. మనసు రాకపోయినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు కదా!

కొండ అంచున దళపతి గొంతు సవరించుకుని రాజాజ్ఞ చదివాడు. కింద మొసళ్ల మడుగు పొగలు కక్కుతోంది. పర్ణిక కళ్లు మూసుకుంది.

"తలారీ, కానివ్వు!" అన్నాడు దళపతి.

పులిముఖం మనిషి తొడుగు కింది నుంచి నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేశాడు. ఆ ఈలకు పొదల చాటు నుంచి నల్లటి గుర్రమొకటి దూసుకువచ్చింది. దాని పేరు తుంటరి. పేరుకు తగ్గట్టే దారిలో ఉన్న దళపతిని భుజంతో ఒక తోపు తోసి, తలపాగా తొక్కి, యజమాని ముందు నిలబడింది. అరింజయుడు పర్ణికను నడుము పట్టి జీను మీదికి ఎత్తి, తానూ ఎక్కి, మేకలు కూడా ఆలోచించుకుని దిగే వాలులోకి గుర్రాన్ని దూకించాడు.

"మీరు తలారి కారు! ఎవరు మీరు?" అని అరిచింది పర్ణిక, రాళ్లు దొర్లే చప్పుడులో.

అతడు ముఖం మీది తొడుగును నుదుటి మీదికి తోశాడు. "హేమాంగి అన్నను. సంతోషపడిపోకు వైద్యురాలా! నువ్వు నిజంగా మా చెల్లికి విషమిచ్చి ఉంటే నేనే నిన్ను మళ్లీ ఈ కొండకు తీసుకొస్తాను. కాని నిన్ను ఒక్కరైనా ఒక్క మాటైనా అడగాలి కదా! మా నాన్నగారు అడగలేదు."

"అడగలేదు. అడిగితే చెప్పడానికి ఒకే ఒక్క మాట ఉంది నా దగ్గర" అంది పర్ణిక. కొండ మీద రాని ఏడుపు ఆమెకు గుర్రం మీద వచ్చింది.

"ఆ మాట నాకు చెప్పకు. తీర్పురాతి మీద చెప్పు" అన్నాడు అరింజయుడు. వెనుక బూరలు మోగాయి. వందలాది గిట్టల చప్పుడు కొండను కదిలించింది.

*

నీలధారా నదిని వర్ణించడం ఎవరి తరం! ఇంద్రనీలాలను కరిగించి పోసినట్టు మిసమిసలాడే నీళ్లు, ఆ నీళ్ల మీద పొద్దు చల్లిన పసుపు కుంకుమలు, ఒడ్డున వెండిపూలు పూసిన రెల్లుదుబ్బులు, వాటి మధ్య ఒంటికాలి మీద తపస్సు నటించే కొంగలు, నది నట్టనడుమ ఏనుగు వీపులా పైకి తేలిన నల్లటి బండ! ఆ బండే తీర్పురాయి. ఇంకా వర్ణించవచ్చు గాని, వెనుక గుర్రాలు వచ్చేస్తున్నాయి.

ఆ బండ మీద కోట లేదు, జెండా లేదు, కావలి లేదు. ఉన్నదల్లా రాతిస్తంభాల మంటపం, ఒక రాతి తక్కెడ, ఒక తీర్పరి. సింహశిలను స్థాపించిన వీరకేతుడు ఆ స్తంభాల మీద దగ్గరుండి చెక్కించిన మాటలు రాజ్యంలో పసిపిల్లలకు కూడా నోటికి వచ్చు. 'కత్తి పట్టినవాడు శాసనం రాయరాదు. శాసనం రాసినవాడు తీర్పు చెప్పరాదు. తీర్పు చెప్పేవాడు కత్తి పట్టరాదు.' అందుకే కత్తి సింహాసనానికి పోయింది, శాసనాలు రాసే పని ఊళ్ల పెద్దల కొలువుకు పోయింది, తీర్పు ఈ బండకు వచ్చింది. మరణశిక్ష పడ్డవాడైనా సరే, వచ్చి ఆ స్తంభాన్ని తాకితే, విచారణ ముగిసేవరకు రాజు కూడా అతడి వెంట్రుక కదిలించకూడదు.

రేవులో అప్పటికి తోలుపుట్టి ఒకటే ఉంది. దాని పక్కన పుట్టి నడిపే గంగులు తీరిగ్గా పొగాకు నలుపుకుంటున్నాడు.

"గంగులూ, తొందరగా దాటించు!" అని గుర్రం దిగుతూనే కేక వేశాడు అరింజయుడు.

గంగులు అతణ్ణి ఎగాదిగా చూశాడు. "కత్తి ఈడ గుచ్చండి దొరా."

"వెనుక సైన్యం వస్తోందయ్యా!"

"రానీండి. కత్తి దిగితేగాని పుట్టి కదల్దు."

"నేను యువరాజునోయ్!"

"మరీ మంచిది. అదిగో, ఆ ఎర్రరాయి కాడ మీ నాయనగారు గుచ్చుతారు. దాని పక్కన గుచ్చుకోండి. తండ్రీకొడుకుల కత్తులు ఒక్క కాడుంటే చూడ్డానికి బావుంటది."

నిజమే, ఇసుకలో గీత గీసినట్టు ఒక వరుస ఉంది. దాటిపోయినవాళ్లు తిరిగి వచ్చేదాకా కత్తులు అక్కడే ఎండుతుంటాయి. అరింజయుడు పర్ణిక చేతుల తాళ్లు కోసి, పళ్లు కొరుక్కుంటూ తన ఖడ్గాన్ని ఇసుకలో దించాడు. పుట్టి గిర్రున ఒక చుట్టు తిరిగి నీళ్లలోకి జారింది. మరుక్షణమే దళపతి గుర్రం ఒడ్డుకు వచ్చి, ఆ కత్తుల వరుస దగ్గర ఎవరో కళ్లెం పట్టి లాగినట్టు ఆగిపోయింది. వెనుక సైన్యమంతా ఆగింది. ఒక కుర్ర విలుకాడు ఆవేశపడి బాణం ఎక్కుపెడితే, దళపతే వాడి చెయ్యి కిందికి వంచాడు. "అది నీళ్లు దాటకూడదురా" అన్నాడు గుసగుసగా.

మనుషులకు ఉన్న ఈ మర్యాద మాంత్రికులకు ఉండదు. పుట్టి నది నడిమికి చేరిందో లేదో, నీళ్ల మీద పెద్ద నీడ పడింది. తలెత్తి చూస్తే గండభేరుండ పక్షి! ఒక్కొక్క రెక్క తెరచాపంత ఉంది. రెండు తలలు, రెండు ముక్కులు, నాలుగు ఎర్రటి కళ్లు. ఘూకనేత్రుడు ఉపాసించే పక్షి అదేనని పర్ణిక గుర్తుపట్టింది. అది సూటిగా ఆమె మీదికే దూకింది.

అరింజయుడి చెయ్యి అలవాటు చొప్పున ఒరలోకి పోయింది. ఒర ఖాళీ! "గంగులూ, నీ ఆచారం తగలెయ్య!" అని అరిచాడు.

"తిట్టేది తర్వాత, ముందు వంగండి దొరా!" అంటూ గంగులు గెడకర్రతో ఒక తలను మోదాడు. రెండో తల గెడకర్ర కొనను పుటుక్కున కొరికేసింది. పుట్టి బొంగరంలా తిరుగుతోంది. పర్ణిక నీళ్లలోకి ఒరిగింది. అరింజయుడికి ఇంకేం దొరక్క, నుదుటి మీది పులిముఖాన్ని పీకి గాలిలోకి విసిరాడు.

కుడితల దాన్ని మాంసమనుకుని ఒక చెవి పట్టుకుంది. ఎడమతల రెండో చెవి పట్టుకుంది. ఇది లాగితే అది వదలదు, అది లాగితే ఇది వదలదు. రెండు తలలకూ కడుపు ఒక్కటేనన్న సంగతి ఆ తలలకు ఎవరూ చెప్పినట్టు లేదు. లాగులాటలో రెక్కలు మెలికపడి, ఆ మహాపక్షి దభీమని నీళ్లలో పడి, కూతలు పెడుతూ ప్రవాహంలో కొట్టుకుపోయింది. పుట్టి బండకు తగిలింది. తడిసి ముద్దయిన పర్ణిక పరుగున పోయి స్తంభాన్ని రెండు చేతులా కౌగిలించుకుని, "విన్నపం!" అని కేక వేసింది. మంటపంలో గంట మోగింది.

*

తీర్పురాతి మీద ఆ రోజు రేవుపల్లె జనం గట్టు తగాదాలతో కూర్చుని ఉన్నారు. రాతిపీఠం మీద పెద్ద తీర్పరి భద్రాంబ ఉంది. ముగ్గుబుట్టలాంటి తల, చేతిలో వేపకర్ర. ఆ అవ్వ గురించి రాజ్యంలో కథలు కథలుగా చెప్పుకుంటారు. చండకేతుడు పట్టానికి వచ్చిన కొత్తలో ఏనుగులశాల గోడ ఒక పేదరాలి బీరపాదు మీదికి కట్టించాడు. ఆమె వచ్చి ఈ స్తంభం తాకింది. "గోడ పడగొట్టించు నాయనా, పాదు మళ్లీ వేయించు" అంది భద్రాంబ. రాజు కోపంతో ఊగిపోతూ వెళ్లి గోడ పడగొట్టించాడు. ఆ ఏడు కాసిన మొదటి బీరకాయలను పేదరాలు కోటకు పంపితే కూర చేయించుకుని తిన్నాడు కూడా.

"ఏమిటి గోల?" అంది పీఠం మీది అవ్వ.

"మరణశిక్ష పడ్డదాన్ని అవ్వా. నన్ను విచారించలేదు" అంది పర్ణిక.

"రాజుగారు శిక్ష వేశాక ఇంకా విచారణేమిటి? రాజుగారి మాటే న్యాయం. దీన్ని ఒడ్డుకు దించండి!"

గట్టు తగాదా పడుతున్న అన్నదమ్ములు కూడా తగాదా మరిచి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అరింజయుడు పీఠం దగ్గరికి ఒక అడుగు వేశాడు. ఇంత ప్రమాదం దాటి వచ్చింది ఈ ఒక్క మాట కోసమా!

అంతలో కబురంది, ఇంకో పుట్టిలో చండకేతుడు వచ్చాడు. కిరీటం లేదు, పాదరక్షలు లేవు, కత్తి లేదు. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లు. బండ మీద అడుగుపెట్టాక అందరిలాగే ఆయనా ఒక వాది, అంతే. ఆయన్ని చూడగానే పీఠం మీది అవ్వ గభాలున లేచి నిలబడి చేతులు జోడించింది.

"మహాప్రభువులకు జయము! మీ ఆజ్ఞ శిరసావహిస్తున్నాను. దీన్ని తీసుకుపోండి."

చండకేతుడు నిలబడ్డచోటే ఆగిపోయాడు. గెలిచినవాడి ముఖంలా లేదు అది. "అదేమిటవ్వా! ఒక్క ప్రశ్నయినా అడగవేం?"

"తమరిని ప్రశ్నించడమా, అపచారం!"

రాజు తల అడ్డంగా ఊపాడు. "నేను తప్పు చేస్తే చెవి మెలేసి చెప్పే మనిషి ఒకరున్నారన్న ధైర్యంతోనే ఇన్నేళ్లూ కంటినిండా నిద్రపోయాను. ఇవాళ కోపంతో ఒకరి ప్రాణం తీయమన్నాను. నువ్వైనా అడుగుతావని వచ్చాను."

"ముందు గంజి తాగనీండి! గంజి లేకుండా తీర్పేంటి?" అని వెనుక నుంచి గంగులు అందుకున్నాడు. "గంజి! గంజి!" అన్నారు జనం.

అదొక్కటే ఎవరూ దాటలేని ఆచారం. సింహశిలలో ఉప్పుమళ్లూ ఉప్పుగనులూ అన్నీ రాజుగారివే. ఎవరి ఉప్పు తింటే వాళ్ల పక్షాన మనసు మొగ్గుతుందన్నది లోకం ఎరిగిన మాట. అందుకని పీఠం ఎక్కిన నాటి నుంచి దిగేనాటి వరకు తీర్పరి ఉప్పు ముట్టకూడదు. తీర్పుకు ముందు అందరూ చూస్తుండగా చప్పిడిగంజి తాగాలి. దాన్ని నింద పడ్డవారు కాచాలి, నింద వేసినవారు అందించాలి. తీర్పరి తన ప్రాణాన్ని ఇద్దరి చేతుల్లోనూ పెడుతుందన్నమాట. ఆ గంజిలో ఉప్పు కలిపినవారికి విచారణే ఉండదు. భద్రాంబ ముప్పై ఏళ్లుగా తింటున్నది ఆ చప్పిడికూడే.

పొయ్యి దగ్గర పర్ణిక నూకలు కడుగుతుంటే అరింజయుడు పుల్లలు ఎగదోస్తున్న నెపంతో పక్కన కూర్చున్నాడు.

"అవ్వ ఏనాడూ రాజుకు లేచి నిలబడలేదు" అన్నాడు నోరు కదపకుండా. "భయపడిందంటావా?"

"భయపడి ఉండవచ్చు. అసలు అవ్వే కాకపోయి ఉండవచ్చు."

"తేలేదెలా?"

పర్ణిక మూలికల సంచి తెరిచి చూపించింది. అడుగున, అజీర్తి మందులోకి వాడే సైంధవలవణం గడ్డ. అరింజయుడు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పిచ్చిదానా! ఆమె నిజంగా అవ్వే అయితే నీకు మిగిలిన ఆ ఒక్క విచారణా పోతుంది. నేరుగా కొండకొమ్ముకే!"

"మనిషికి భయమేస్తే కాళ్లు వణుకుతాయి, మాట తడబడుతుంది. నాలుక మాత్రం మారదు రాకుమారా! ముప్పై ఏళ్లు చప్పిడి తిన్న నాలుకకు ఉప్పు తగిలితే నిప్పు తగిలినట్టే. అవ్వ అయితే ఉమ్మేస్తుంది, నేను చస్తాను. కాకపోతే..." పర్ణిక గడ్డను గంజిలో వేసి, తెడ్డుతో తిప్పి, కరిగేదాకా చూసింది.

ముంతలో పోసిన గంజిని రాజు అందుకున్నాడు. ఎన్నాళ్లనుంచో తిండి లేని మనిషి. చెయ్యి తూలి గంజి బొటనవేలి మీదికి తొణికింది. చుర్రుమనేసరికి వేలు నోట్లో పెట్టుకున్నాడు. అడుగు ఆగింది.

ఉప్పు!

రాజు తల తిప్పి పర్ణికను చూశాడు. ఒక్క మాట అంటే చాలు, ఆమె పని అయిపోతుంది. కూతుర్ని రాయిగా మార్చిందని తాను నమ్ముతున్న మనిషి ప్రాణం ఆ వేలి చివర ఉంది. పర్ణిక కళ్లు దించుకోలేదు. ఆ కళ్లలో బతిమాలడం లేదు, చూడమని అడగడం మాత్రం ఉంది. చండకేతుడు పీఠం వైపు చూశాడు. తనను చూసి లేచి నిలబడ్డ భద్రాంబ ఇంకా వినయంగా వంగే ఉంది. ఆయన మాట్లాడకుండా నాలుగు అడుగులు వేసి ముంత అందించాడు.

అవ్వ ముంత ఎత్తింది. గుటక వేసింది. ఇంకో గుటక. ఇంకోటి. ముంత ఖాళీ చేసి, పెదవులు నాకి, తృప్తిగా త్రేన్చి, ఆ అవ్వ కాని అవ్వ, "ఇంకాస్త ఉందా?" అంది.

"గంజి రుచిగా ఉందా అవ్వా?" అని మెల్లగా అడిగాడు రాజు.

"అమృతం మహాప్రభూ!"

"ఉండదా మరి! నా ఉప్పు కదా!"

అప్పుడు చూడాలి ఆ ముఖం! దొంగ దొరికినప్పటి నవ్వొకటి ముందు పెదవుల మీదికి వచ్చింది, వెంటనే ఆ ముసలి చర్మం తడిసిన కాగితంలా చిరిగింది. తెల్లజుట్టు రాలింది, వేపకర్ర విరిగింది. పీఠం మీద గుడ్లగూబ కళ్లతో ఘూకనేత్రుడు నిలబడ్డాడు. వణికే జనాన్ని చూసి పకపకా నవ్వాడు.

"ఉప్పు కోసం ఇన్ని తంటాలా! ఏం చేస్తావు చండకేతూ? మీ పిచ్చి ఆచారం పుణ్యమా అని ఇక్కడ ఒక్కడి చేతిలోనూ కత్తి లేదు. నీ కూతురి కొప్పులో నేను కట్టిన నీలిదారం ఉన్నంతకాలం ఆ పిల్ల లేవదు. ఆ దారం సంగతి పసిగట్టగల వైద్యురాలు చావక తప్పదు. పిలువు నీ సైన్యాన్ని! పిలవవేం?"

ఒడ్డున దళపతి చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. రాజు కనుసైగ చేస్తే చాలు, వందలాది గుర్రాలు నీళ్లలోకి దూకుతాయి. చండకేతుడి మెడనరాలు ఉబ్బాయి. నోరు తెరిచాడు. కూతురి చల్లటి పాదాలు ఆయన కళ్లముందు మెదిలాయి. తెరిచిన నోరు మళ్లీ మూసుకున్నాడు.

"పిలవను" అన్నాడు. "నా కత్తి ఒక్కసారి ఈ బండ ఎక్కిందంటే మళ్లీ దిగదు. ఇవాళ నీ మీదికి వస్తుంది. రేపు నాకు గిట్టని తీర్పు మీదికి వస్తుంది. నాకు నా సంగతి తెలుసు."

ఘూకనేత్రుడు ఈ జవాబు ఊహించలేదు. అతడు నోరు తెరుచుకుని ఉన్న ఆ క్షణంలో పర్ణిక కుతకుత ఉడుకుతున్న గంజికుండను ఎత్తి అతడి ముఖాన కొట్టింది. కత్తి తేకూడదన్నారు గాని కుండ ఎత్తకూడదని వీరకేతుడు ఎక్కడా చెక్కించలేదు! గంగులు విరిగిన గెడకర్ర అందుకున్నాడు. గట్టు తగాదా అన్నదమ్ములు పుట్టిన తర్వాత మొదటిసారి ఒక్కటై మాంత్రికుడి చెరో కాలూ పట్టి లాగారు. ఘూకనేత్రుడు కెవ్వుమని అరిచి, పెద్ద గుడ్లగూబగా మారి, గంజి కారుతున్న రెక్కలతో పైకి ఎగిరాడు.

"మీ తీర్పరి మీ కాళ్ల కిందే ఉంది, పొద్దుగుంకితే నది మింగేస్తుంది! తీర్పరే లేని బండ మీద కూర్చుని ఏడవండి!" అని అరుస్తూ పడమటి కొండల వైపు పోయాడు.

అప్పుడు వినిపించింది. టక్. టక్. పీఠం కింద ఎవరో కర్రతో రాతిని కొడుతున్నారు.

*

పీఠం కింది పలకను పదిమంది కలిసి జరిపితే చీకటి మెట్లు కనిపించాయి. కింద నీళ్ల గలగల. అరింజయుడు దివిటీ అందుకున్నాడు. పర్ణిక సంచి సర్దుకుంది. రాజు ఆమెకు అడ్డం వచ్చాడు.

"దారం వాడిదైతే కషాయం నీది. మాంత్రికుడు చెడ్డవాడైనంత మాత్రాన నువ్వు మంచిదానివని నేనెలా అనుకునేది?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నువ్వు పారిపోతే?"

"విచారణ వదిలి ఎక్కడికి పోతాను ప్రభూ? నాకు మిగిలింది అదొక్కటే. హేమాంగి తాగిన గిన్నెలోంచే ముందు నేను తాగాను. మరి నేనెందుకు నిద్రపోలేదని నన్ను ఒక్కరూ అడగలేదు."

చండకేతుడు తల వంచుకున్నాడు. పక్కకు జరిగాడు. "నువ్వు దోషివో కాదో నాకు తెలియదమ్మా! తేల్చే పని నాది కాదు. ఆ పని ఎవరిదో ఆవిడను తీసుకురా." అంటూ, పిల్ల కొప్పులోని నీలిదారం తెంచమని ఒడ్డుకు కబురు పంపి, వాదులు కూర్చునే కటికనేల మీద, గట్టు తగాదా అన్నదమ్ముల పక్కన, కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

మెట్లు జారుడుగా ఉన్నాయి. కిందికి పోయేకొద్దీ చలి ఎముకలు కొరుకుతోంది. అడుగున గుహ. గుహలో నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. నట్టనడుమ రాతిదిమ్మెకు చుట్టుకుని ఒక మహాసర్పం పడుకుని ఉంది. దాని పడగ మీది మణి పచ్చటి వెలుగు చిమ్ముతోంది. దాని చుట్టల నడుమ, మెడ వరకు బిగుసుకుపోయి, ఒక్క చెయ్యి మాత్రం పైకి పెట్టుకుని వేపకర్రతో పైకప్పును కొడుతోంది అసలు భద్రాంబ.

"అవ్వా!" అంది పర్ణిక, ప్రాణం లేచివచ్చినట్టయి.

అవ్వ ముందు ఉమ్మేసింది. "పైన పగుల్లోంచి నా ముఖాన గంజిచుక్క పడింది. నోరంతా మండిపోతోంది. గంజిలో ఉప్పు వేసిందెవరు?"

పర్ణిక అబద్ధం ఆడలేదు. "నేనే అవ్వా."

"తీర్పరి గంజిలో ఉప్పు కలిపితే విచారణ ఉండదని ఎరుగుదువా?"

"ఎరుగుదును."

"నిన్ను కాపాడాలనే వేసిందవ్వా!" అని అరింజయుడు అడ్డుపడ్డాడు.

"నన్ను కాపాడినవాళ్లకు ఒక న్యాయం, కాపాడనివాళ్లకు ఒక న్యాయమా? నువ్వు ఆగు నాయనా!" అని అవ్వ కసిరింది. నీళ్లు ఆమె నడుము దాకా వచ్చాయి. అవ్వ కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించింది. పర్ణికకు ఆ కాసేపు కొండకొమ్ము అంచున నిలబడ్డంత సేపనిపించింది.

"ఆ గంజి తాగింది తీర్పరా?" అంది చివరికి భద్రాంబ.

"కాదు, మాంత్రికుడు."

"అయితే అది తీర్పరి గంజి కాదు. వట్టి గంజి. నీ విచారణ నీకుంది." అవ్వ ముఖం మీద చిన్న నవ్వు మెరిసింది. "పీఠం పైనుంటేనేం, కిందనుంటేనేం! ఇప్పుడే మొదలుపెడతాను. చెప్పు తల్లీ, ఆ రోజు కషాయం గిన్నె ముందు ఎవరి చేతికిచ్చావు?"

పర్ణిక కన్నీళ్లు తుడుచుకుని నోరు తెరిచింది. ఆ రాజ్యంలో మొదటిసారి ఎవరో ఆమెను అడిగారు.

మనుషుల గొంతులు విని మహాసర్పం ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది కూడా తెరిచి, పడగ విప్పి, బుస్సున లేచింది. అరింజయుడు ఖాళీ ఒర సర్దుకుని, ఆ ఇద్దరు ఆడవాళ్లకూ ఆ పడగకూ మధ్య వట్టి చేతులతో నిలబడ్డాడు.

"నువ్వు చెప్పు వైద్యురాలా, తొందరేం లేదు" అన్నాడు వెనక్కి చూడకుండా.